పక్కింటి తాళంచెవి, మన ఇంటి గోడ: షేర్డ్ డ్రైవ్‌ల తగాదా

[తెరపై: లినక్స్ డెస్క్‌టాప్, తెరిచిన టెర్మినల్]

ఆఫీసు సర్వర్‌లో అందరూ పంచుకునే ఫోల్డరు తెరవాలి. పాస్‌వర్డు సరైనదే. ఫోల్డరు పేరూ సరైనదే. పక్క బల్ల మీది విండోస్ కంప్యూటర్‌లో ఇవే వివరాలు కొడితే క్షణాల్లో ఆ ఫోల్డరు జెడ్ డ్రైవ్‌గా ప్రత్యక్షమవుతుంది. ఇక్కడ మాత్రం మౌంట్ చేయబోతే, అంటే ఆ ఫోల్డరును మన కంప్యూటర్‌కు తగిలించబోతే, ఈ పని రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) తప్ప ఇంకెవరూ చేయకూడదని కసురుతుంది. వెంటనే ఒకరు ‘లినక్స్ అంతే’ అని తీర్పు చెప్పేస్తారు. ఇంకొకరు పరోపకారం కొద్దీ ఆఫీసులో అందరికీ సుడో హక్కు, అంటే రూట్ అధికారంతో పనిచేసే హక్కు, ఇచ్చేస్తారు. ఆ రెండోది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మీరు అద్దె ఇంట్లో ఉంటున్నారు. పక్కింటివారి సామాన్ల గది మీ హాలు గోడకు ఆనుకొని ఉంది. ‘మా సామాను మీరూ వాడుకోండి’ అని ఆయన తాళంచెవి చేతిలో పెట్టాడు. సంతోషం. కానీ మీ హాలులో నుంచే ఆ గదిలోకి వెళ్ళాలంటే గోడ పగలగొట్టి తలుపు పెట్టాలి. పక్కింటాయన ఒప్పుకుంటే చాలదు కదా, మీ ఇంటి యజమాని ఒప్పుకోవాలి!

సర్వర్ అడిగే పాస్‌వర్డు ఆ తాళంచెవి. మౌంట్ చేయడం తలుపు పెట్టడం. యజమాని పేరు రూట్. తాళంచెవిని పదిసార్లు మార్చినా గోడ గోడలాగే ఉంటుంది.

యజమానికి ఎందుకింత పట్టుదల? లినక్స్‌లో ఇల్లంతా ఒకటే. తలుపు ఎక్కడైనా పెట్టవచ్చు. ఎవరైనా దాన్ని తెచ్చి సరిగ్గా కంప్యూటర్ అమరికలు ఉండే ఈటీసీ ఫోల్డరు ఉన్నచోట పెట్టారనుకోండి. కంప్యూటర్ తన వాడుకరుల జాబితా కోసం అటు చూస్తే, పక్కింటివారు రాసిపెట్టిన జాబితా కనిపిస్తుంది. అంటే ఇంటి యజమాని ఎవరో కూడా పక్కింటివారే నిర్ణయిస్తారు. విండోస్‌లో జెడ్ అనేది మీ సొంత గదిలో మీకు మాత్రమే కనిపించే తలుపు. ఇంకొకరు లాగిన్ అయితే వారికది ఉండదు. అందుకే అక్కడ యజమానిని అడగనక్కరలేదు.

[తెరపై: ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒకే ఒక్క వరుస]

మరి సుడో ఇవ్వకుండా ఎలా? యజమాని ముందే వచ్చి, తను చూపించిన చోట ద్వారబంధం నిలబెట్టి వెళ్ళాలి. ఆ ద్వారబంధమే ఎఫ్‌స్టాబ్‌లోని, అంటే ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉంచే ఫైలులోని, ఈ వరుస. ఏ సర్వర్, ఏ ఫోల్డరు, ఎక్కడ తగిలించాలి, అన్నీ ఇందులో ఉన్నాయి. చివర్లో ‘యూజర్’ అనే మాట చూడండి. అది ఉంటే మామూలు వాడుకరి కూడా మౌంట్ చేసుకోవచ్చు, కానీ ఈ ఒక్క చోటే. పైగా ఆ మాటతో పాటు మూడు కట్టుబాట్లు వాటంతట అవే వస్తాయి: అటునుంచి వచ్చిన ప్రోగ్రాములు నడవవు, యజమాని వేషం వేయలేవు, డిస్కుల్లాంటి పరికరాలను సూచించే ఫైళ్ళు చెల్లవు. సామాను తెచ్చుకోవచ్చు, మనుషులు రాకూడదు అన్నమాట. తలుపు తీసినవారే మూయాలి. ఎవరైనా మూయవచ్చు అనుకుంటే ‘యూజర్స్’ అని బహువచనం రాయాలి. ఒక్క అక్షరానికి ఎంత బలమో!

ఎఫ్‌స్టాబ్‌ను ఎవరైనా చదవగలరు. అందులో పాస్‌వర్డు రాయడమంటే తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే. వేరే ఫైలులో రాసి, ఇతరులు చదవకుండా అనుమతులు బిగించి, ఆ ఫైలు చిరునామా మాత్రం ఇక్కడ ఇవ్వండి.

అన్నట్టు, విండోస్‌తో ఈ పొరుగు సంబంధం కలిపింది సాంబా అనే సాఫ్ట్‌వేర్. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టాడు. మొదటి పేరు మీద ఒక కంపెనీ అభ్యంతరం చెబితే, విండోస్ ఫైళ్ళు పంచుకునే భాష ఎస్ఎమ్‌బీ కాబట్టి, ఎస్, ఎమ్, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం పదాల జాబితా వెతికాడు. అలా దొరికిందే ఈ నాట్యం పేరు. నాకు భలే ఇష్టమైన కథ, అందుకే సమయం మించిపోతున్నా చెప్పాను.

ఇక మిగిలినవి గబగబా. గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లోని ఫైళ్ళ కిటికీలో సర్వర్ చిరునామా కొడితే సుడో అడగదు. అక్కడ గోడ పగలదు. జీవీఎఫ్ఎస్ అనే కుర్రవాడు మీ తాళంచెవితో వీధి గుమ్మం గుండా వెళ్ళి, అడిగిన వస్తువు తెచ్చిస్తాడు. ఉత్తరాలకు, లెక్కల పత్రాలకు చాలు. పెద్ద వీడియోలు మోయించకండి, పాపం.

సుడోతో మౌంట్ చేశాక ఫైళ్ళు కనిపిస్తున్నా రాయడం కుదరట్లేదా? సామానంతా యజమాని పేరు మీద దిగింది. మౌంట్ చేసేటప్పుడు యూఐడీ దగ్గర మీ వాడుకరి సంఖ్య ఇవ్వండి. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసే ట్రిపుల్ సెవెన్ మంత్రం జోలికి వెళ్ళకండి.

మ్యాక్‌లో ఫైండర్ తెరిచి కమాండ్, కే నొక్కి చిరునామా ఇవ్వండి, అంతే. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రోగ్రాముకు జెడ్ కనిపించకపోతే కంగారు పడకండి, అది వేరే లాగిన్ కింద లెక్క. పాత స్కానరు ఫోల్డరుకు చేరడం మానేసిందా? అది బహుశా ఎస్ఎమ్‌బీ ఒకటో వెర్షన్ మాట్లాడుతోంది. 2017 మే నెలలో వానాక్రై అనే హానికర ప్రోగ్రాము పాకింది ఆ దారినే. దాన్ని మళ్ళీ తెరవకండి, స్కానరు సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ ఉందేమో చూడండి.

ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళేవారు ఎఫ్‌స్టాబ్ వరుసలో ‘నోఆటో’ కూడా చేర్చండి. లేకపోతే రాత్రి ఇంట్లో ఆన్ చేసినప్పుడు అది ఆఫీసు సర్వర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.