చెన్నైలో గాలి ఎన్నింటికొస్తుంది?

తమ్ముడు: నమస్కారం. ముందే ఒక మాట చెప్పాలి. మైకులో గరగర వస్తోందని అక్క ఏసీతో పాటు ఫ్యాను కూడా ఆపేసింది. జూన్ మొదటి వారం, మధ్యాహ్నం ఒంటిగంట, చెన్నై. నా గొంతు నీరసంగా ఉంటే కారణం అదే.

అక్క: మొదలెట్టాడు. వచ్చి ఎనిమిది నెలలైంది, ఇంకా ఏడుపే.

తమ్ముడు: ఏడుపు కాదక్కా, లెక్క. మొన్న మేలో అమ్మకి ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో 41 అంది. ఆ రోజు ఇక్కడ 37. న్యాయంగా అయితే నేను హాయిగా ఉండాలి కదా?

అక్క: అక్కడ పట్టిన చెమట ఆరిపోతుందిరా. ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. ఇక్కడ గాలి అప్పటికే తడితో నిండిపోయి ఉంటుంది, ఇంక నీ చెమటకి చోటేదీ? కారుతుంది గానీ ఆరదు. రాత్రిళ్లు కూడా అంతే. పొడి ఊళ్లలో పొద్దుగూకితే నేల చల్లబడుతుంది. ఇక్కడ తడిగాలి దుప్పటిలా కప్పేసి ఉంటుంది. మేలో తెల్లారి అయిదింటికి కూడా 28 ఉంటుంది.

తమ్ముడు: రాత్రి పదింటికి కుళాయి తిప్పితే వేడినీళ్లు. గీజర్ కొన్నందుకు సిగ్గేసింది.

అక్క: కొనకురా అని చెప్పానా లేదా! ఈ ఊరిని డిగ్రీలతో కొలిస్తే అర్థం కాదు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇవాళ గాలి ఎన్నింటికొచ్చింది?

తమ్ముడు: కడల్ కాట్రు.

అక్క: అదే, సముద్రపు గాలి. పొద్దెక్కేకొద్దీ నేల గబగబా వేడెక్కుతుంది, సముద్రం అంత తొందరగా వేడెక్కదు. నేల మీది గాలి తేలికై పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మార్చిలో పదకొండింటికే వచ్చేస్తుంది. ఇక ఆ రోజు ఎండ పెద్దగా ముదరదు. మే ఆఖరికి పడమటి గాలులు బలపడతాయి. అవి లోపలి పొడినేల మీదుగా వచ్చే వేడిగాలులు. సముద్రపు గాలిని ఒడ్డునే నిలబెట్టేస్తాయి. రెండింటిదాకా, మూడింటిదాకా రానివ్వవు. ఆ రోజే 41, 42 కొడుతుంది.

తమ్ముడు: అంటే ఎండ అదే, గాలి లేటైందంతే.

అక్క: అంతే. ఇంకో తమాషా చెప్తాను విను. ఇక్కడ అగ్ని నక్షత్రం అంటారు, కత్తిరి అని కూడా అంటారు. మే 4 నుంచి 28 దాకా అటూ ఇటూగా. ఆ రోజుల్లోనే ఎండలు మాడ్చేస్తాయని ఊరంతా భయం. కానీ నుంగంబాక్కం అబ్జర్వేటరీలో 45 డిగ్రీలు పడిన రికార్డు రోజేదో తెలుసా? 2003 మే 31. అగ్ని నక్షత్రం అయిపోయాక!

తమ్ముడు: మన రోహిణీ కార్తెలో! రోళ్లు పగులుతాయని అమ్మమ్మ ఊరికే అనలేదన్నమాట.

అక్క: ఈ విషయంలో మన కార్తెదే గెలుపు. ఒకే ఊళ్లో కూడా తేడా ఉంటుంది చూడు. సముద్రం పక్కనుండే తిరువాన్మియూర్‌కి గాలి ముందొస్తుంది. లోపలున్న అంబత్తూరుకి చేరేసరికి పొద్దు వాలుతుంది. అందుకే ఇల్లు చూసేటప్పుడు నేను వాస్తు కంటే ముందు తూర్పు కిటికీ ఉందా లేదా అని చూస్తాను.

తమ్ముడు: సరే, వానల సంగతి. సెప్టెంబర్ ఆఖర్లో వచ్చాను కదా. వానాకాలం అయిపోయింది, ఇంకెందుకని గొడుగు అమ్మ దగ్గరే వదిలేశాను.

అక్క: (నవ్వు) ఆ గొడుగు కథ మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

తమ్ముడు: మన వైపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడే వాన ఇక్కడికి రాదా?

అక్క: నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి. ఇటు వచ్చేసరికి పస తగ్గిపోతుంది. అసలు పడదని కాదు, జూలై, ఆగస్టుల్లో సాయంత్రం ఉరుములతో గంటసేపు దంచి పోతుంది. అసలు వాన మాత్రం ఈశాన్య రుతుపవనాలది. అవి బంగాళాఖాతం మీదుగా తడి మోసుకుని అక్టోబర్ మూడో వారంలో దిగుతాయి. ఏడాదికి 140 సెంటీమీటర్లు పడుతుందనుకో, అందులో సగం పైనే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఆ మూడు నెలల్లో పడాలి.

తమ్ముడు: పడకపోతే?

అక్క: రెండూ చూశాను. 2015 నవంబర్ ఒక్క నెలలో 105 సెంటీమీటర్లు పడింది. డిసెంబర్ 1న మళ్లీ కుండపోత, చెంబరంబాక్కం చెరువు నీళ్లు, అడయారు నది పొంగు. మా కింద వాటాలో ఫ్రిజ్ తేలింది. నిజంగా తేలింది, తలుపు పైకి పెట్టి. నాలుగేళ్లు తిరిగేసరికి, 2019 వేసవిలో, అదే ఊరికి తాగునీళ్లిచ్చే చెరువులు పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. నేను ఒక బకెట్‌తో స్నానం చేసి, ఆ నీళ్లే పట్టి టాయిలెట్‌లో పోసేదాన్ని.

తమ్ముడు: అంతా మూడు నెలల మీద పెట్టుకుంటే అంతే మరి.

అక్క: అదీ రోజూ పడే వాన కాదు. నాలుగైదు అల్పపీడనాల చేతిలో ఉంటుంది. అవి ఎటు తిరిగితే అటు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను చెన్నైని ముంచేసి, తీరం దాటడం మాత్రం బాపట్ల దగ్గర దాటింది.

తమ్ముడు: నాకు ఆ నెలల్లో పెద్ద దెబ్బ నా లెదర్ బెల్టు. బీరువాలో పెట్టి మర్చిపోయాను. ఇరవై రోజులకి తీస్తే పచ్చగా నూగు బూజు, తమలపాకు మీద సున్నం రాసినట్టు మచ్చలు. తుడిచినా వాసన పోలేదు. ఆఫీసులో పక్కసీటాయన కుర్చీ జరుపుకున్నాడు.

అక్క: ఉతికిన బట్టలు మూడు రోజులు ఫ్యాను కింద వేలాడే కాలంరా అది. బీరువాలో కాస్త కర్పూరం పెట్టుకో, తలుపు అప్పుడప్పుడు తీస్తుండు.

తమ్ముడు: ఇక చలికాలం... అలాంటిదొకటి ఉందా అసలు?

అక్క: ఉంది! జనవరిలో తెల్లవారుజామున 20 దాకా దిగుతుంది. మఫ్లర్లు కట్టుకుని వాకింగ్‌కి వస్తారు, నవ్వకు. కొబ్బరినూనె సీసా చూడు, అదే మా థర్మామీటర్. 24 డిగ్రీలకి అటూ ఇటూగా గడ్డకట్టే నూనె అది. హైదరాబాద్‌లో డిసెంబరంతా పుల్లతో గీక్కుంటాం కదా. ఇక్కడ పొద్దున్నే అంచున కాస్త తెల్లబడి, పది కొట్టేసరికి కరిగిపోతుంది. ఆ మాత్రం చలికే డిసెంబర్‌లో సంగీత కచేరీలకి పట్టుచీరలు బయటికొస్తాయి. ఫిబ్రవరి మధ్యకి మళ్లీ దాచేస్తాం.

తమ్ముడు: ఒక్క నిమిషం. ఆ కర్టెన్ కదిలింది.

అక్క: టైమెంత?

తమ్ముడు: ఒకటీ ఇరవై.

అక్క: ఇవాళ తొందరగానే వచ్చింది. లే, కిటికీ రెండో రెక్క కూడా తియ్యి. మైకుని కాస్త ఇటు తిప్పు, గాలి కొట్టేస్తుంది.