సొంత సర్వర్‌లో పెట్టిన సైటు తెరుచుకోకపోతే ఎక్కడ వెతకాలి?

[తెరపై: ఒక్క అక్షరమైనా లేని తెల్లని పేజీ]

వ్యాఖ్యాత: వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి ఇటువంటి తెల్లని పేజీ ఎదురైతే, అంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలని అనిపిస్తుంది. అలా చేయకండి. తప్పు ఎక్కడుందో చెప్పగలిగే ఆనవాళ్లు ఆ తుడుపులో పోతాయి. తప్పు మాత్రం చాలాసార్లు ఉన్నచోటనే ఉంటుంది.

[తెరపై: నాలుగు గడులు వరుసగా వెలుగుతాయి: డీఎన్‌ఎస్, వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్]

మీరు బ్రౌజర్‌లో చిరునామా టైపు చేయగానే, ముందుగా డీఎన్‌ఎస్ ఆ పేరుకు తగిన ఐపీ చిరునామాను ఇస్తుంది. ఆ తరువాత అభ్యర్థన అపాచీ లేదా ఎన్‌జిన్‌ఎక్స్ వంటి వెబ్ సర్వర్‌కు చేరి, అక్కడినుంచి వర్డ్‌ప్రెస్ కోడును నడిపే పీహెచ్‌పీకి, చివరకు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు వెళుతుంది. సర్వరే దొరకలేదని బ్రౌజర్ అంటే మొదటి గడి దగ్గరే ఆగిపోయామని అర్థం. అప్పుడు వర్డ్‌ప్రెస్ ఫైళ్లను ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు.

[తెరపై: డేటాబేస్‌తో సంబంధం ఏర్పరచలేకపోయామన్న దోష సందేశం]

అందరినీ ఎక్కువగా భయపెట్టే సందేశం ఇది. నిజానికి ఇందులో కొంత శుభవార్త కూడా ఉంది: డీఎన్‌ఎస్, వెబ్ సర్వర్, పీహెచ్‌పీ మూడూ పనిచేస్తేనే ఈ వాక్యం మీ దాకా వస్తుంది. ఇక చూడవలసింది వర్డ్‌ప్రెస్ సెట్టింగులుండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులోని నాలుగు విలువలను: డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, హోస్ట్ (డేటాబేస్ ఉన్నచోటు). షేర్డ్ హోస్టింగ్‌లో మీరు పెట్టిన పేరుకు ముందు మీ ఖాతా పేరు, ఒక అండర్‌స్కోర్ తరచుగా వాటంతటవే చేరతాయి కాబట్టి, ఫైలులో కూడా ఆ పూర్తి పేరే ఉండాలి. డేటాబేస్‌ను, యూజర్‌ను విడివిడిగా సృష్టించి, ఆ యూజర్‌కు ఆ డేటాబేస్ మీద అనుమతులు ఇవ్వడం మరచిపోవడం మరొక సాధారణ పొరపాటు. పాస్‌వర్డ్ చివర కాపీతోపాటు వచ్చిన ఒక ఖాళీని గుర్తించక నేను ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను. అందుకే ఇప్పుడు పాస్‌వర్డ్‌ను కొటేషన్ గుర్తుల మధ్య వేలు పెట్టి మరీ చూస్తాను.

హోస్ట్ విషయంలో ఒక సూక్ష్మం ఉంది. లైనక్స్‌లో లోకల్‌హోస్ట్ (అంటే ఇదే యంత్రం) అని రాస్తే పీహెచ్‌పీ సాకెట్ ఫైలు ద్వారా డేటాబేస్‌ను చేరడానికి ప్రయత్నిస్తుంది, 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ మార్గంలో వెళుతుంది. కనుక ఒకటి విఫలమైనచోట రెండవది పనిచేయవచ్చు. ప్రోగ్రాములను కంటైనర్లనే వేరువేరు పెట్టెలలో నడిపే డాకర్‌లో అయితే లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే కాబట్టి, అక్కడ డేటాబేస్ సర్వీసు పేరును రాయాలి.

[తెరపై: మళ్లీ తెల్లని పేజీ, పక్కన తెరిచి ఉన్న కాన్ఫిగ్ ఫైలు]

తెల్లని పేజీ అంటే, పీహెచ్‌పీ మధ్యలో ఆగిపోయి, ఆ దోషాన్ని తెరమీద చూపకుండా దాచిందని అర్థం. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ఇలాంటి చాలా సందర్భాలలో తీవ్రమైన లోపం ఏర్పడిందన్న సందేశాన్ని చూపుతోంది కానీ, కారణం మాత్రం అందులో ఉండదు. కాన్ఫిగ్ ఫైలులో ఇక్కడితో సవరణలు ఆపమని చెప్పే వ్యాఖ్యకు పైన, దోషాలను బయటపెట్టే డబ్ల్యూపీ డీబగ్‌ను, డీబగ్ లాగ్‌ను ట్రూ అనీ, డీబగ్ డిస్‌ప్లేను ఫాల్స్ అనీ పెట్టి, పేజీని మళ్లీ తెరవండి. డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో డీబగ్ లాగ్ ఫైలు ఏర్పడితే, దోషం తలెత్తిన ఫైలు పేరు, వరుస సంఖ్య దానిలో ఉంటాయి. ఆ ఫైలే రాకపోతే సర్వర్ ఎర్రర్ లాగ్‌ను చూడాలి.

[తెరపై: ఫోల్డర్లు 755, ఫైళ్లు 644]

అనుమతుల దోషం కనబడగానే అన్నింటికీ 777 (ఎవరైనా చదివి, రాసి, నడపగల అనుమతి) ఇచ్చేయమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. అది ఇంటి తాళం పోయిందని తలుపునే పీకేయడం వంటిది. సాధారణంగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 సరిపోతాయి; అయినా అప్‌లోడ్లు విఫలమైతే ఫైళ్ల యజమాని ఎవరో చూడండి. సర్వర్ మీద సర్వాధికారాలున్న రూట్ యూజర్ పేరున ఉన్న ఫోల్డర్‌లో వెబ్ సర్వర్ యూజర్ రాయలేడు.

[తెరపై: మొదటి పేజీ తెరుచుకుంది, లోపలి పేజీలో 404]

మొదటి పేజీ వచ్చి, మిగిలినవన్నీ 404 చూపిస్తే, మీ వ్యాసాలు ఎక్కడికీ పోలేదు. పేజీల చిరునామాలు ఎలా ఉండాలో నిర్ణయించే, సెట్టింగ్స్‌లోని పర్మాలింక్స్ పేజీని ఏమీ మార్చకుండా ఒకసారి సేవ్ చేయండి. అయినా మారకపోతే, అపాచీలో ఆ చిరునామాలను వర్డ్‌ప్రెస్‌కు మళ్లించే రీరైట్ మాడ్యూల్‌ను ఆన్ చేశారో లేదో, మళ్లింపు నియమాలుండే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలును వాడుకునే అలౌ ఓవర్‌రైడ్ అనుమతి ఆ ఫోల్డర్‌కు ఉందో లేదో చూడాలి. ఎన్‌జిన్‌ఎక్స్ ఆ డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలును అసలు చదవదు కాబట్టి, ఆ మళ్లింపు నియమాన్ని సర్వర్ కాన్ఫిగరేషన్‌లోనే రాయవలసి ఉంటుంది.

సైటు తెరుచుకున్నాక డీబగ్‌ను మళ్లీ ఫాల్స్ చేసి, లాగ్ ఫైలును తొలగించండి. చాలా సర్వర్లలో దాని చిరునామా తెలిసినవారెవరైనా బ్రౌజర్‌లోనే దానిని తెరిచి చదవగలరు.