నీళ్లగుంట దగ్గర కూర్చోండి

శ్రోతలందరికీ నమస్కారం.

సఫారీ అనగానే చాలామందికి జంతువుల కంటే ముందు డబ్బు కళ్ల ముందు మెదులుతుంది. ఖరీదైన లాడ్జీ, టాపు లేని జీపు, వెంట ఒక గైడు. అది మనవల్ల అయ్యే పని కాదులే అని ఆ ఆశను అక్కడే వదిలేస్తారు. వదిలెయ్యకండి. జంతువుల వెంట తిరిగితే ఖర్చు. అవి వచ్చే చోట కూర్చుంటే అంత ఖర్చు లేదు.

ఆఫ్రికాలోని నమీబియాలో ఎటోషా అని ఒక నేషనల్ పార్కుంది. దాదాపు 22,000 చదరపు కిలోమీటర్లు. అద్దెకు తీసుకున్న మామూలు కారు మనమే నడుపుకుంటూ అందులో తిరగొచ్చు. లోపల ఒకౌకుయేయో అనే క్యాంపులో సొంత డేరా వేసుకోవచ్చు. క్యాంపును ఆనుకునే నీళ్లగుంట. మధ్యలో పొట్టి గోడ, ఇవతల బెంచీలు, రాత్రుళ్లు గుంట మీద దీపాల వెలుతురు.

పొద్దు వాలినప్పటి నుంచీ కూర్చున్నాను. రెండు గంటలు ఏమీ రాలేదు. పక్కవాళ్లు లేచి వెళ్లిపోయారు. నేను కూర్చున్నాను. అప్పుడు చీకట్లో రాళ్లు కదిలిన చప్పుడు. నల్ల ఖడ్గమృగం, ఒంటరిగా. నీటి అంచున ఆగి బుస్సుమని ఊపిరి వదిలింది. అద్దంలా ఉన్న నీళ్లలో దాని నీడ ముక్కలైంది. కొక్కెంలాంటి పై పెదవి నీళ్లకు ఆనించి తాగసాగింది. ఇంతలో ఏనుగులు. అంతేసి శరీరాలు, అడుగుల చప్పుడే లేదు! ముందున్నది చెవులు విప్పింది. ఖడ్గమృగం రెండడుగులు దానికేసి నడిచి నిలబడింది. బెంచీల మీద ఎవరూ ఊపిరి తీసుకోలేదు. కాసేపటికి ఖడ్గమృగమే పక్కకు తిరిగి, గుంట అవతలి ఒడ్డుకు పోయి, మళ్లీ తాగడం మొదలుపెట్టింది.

ఈ దృశ్యానికి నేను విడిగా పైసా కట్టలేదు.

ఇదంతా వానల్లేని కాలపు మహిమ. అక్కడ సుమారు జూన్ నుంచి అక్టోబరు దాకా వానలుండవు. చిన్న చిన్న మడుగులన్నీ ఎండిపోతాయి. మిగిలిన నీళ్ల దగ్గరికి ప్రతి ప్రాణీ రాక తప్పదు. వానలు పడ్డాక ఎక్కడ చూసినా నీళ్లే, జంతువులు చెదిరిపోతాయి. అప్పుడు ఎంత పెట్రోలు పోసినా దొరుకుతాయన్న నమ్మకం లేదు.

కాబట్టి చేతిలో ఉన్న కాస్త డబ్బు దేనికి పెట్టాలంటే, నా మాటగా, పార్కు లోపల రాత్రుళ్లకి పెట్టండి. బయట మంచి గదికి వద్దు. సూర్యాస్తమయానికి గేట్లు మూసేస్తారు, బయట దిగినవాళ్లకు ఆ రాత్రి లేనట్టే. ప్రవేశ రుసుము మనిషికింత, రోజుకింత అని ఉంటుంది, దాన్ని తగ్గించలేం. కారు అద్దె మాత్రం నలుగురు కలిస్తే నాలుగో వంతుకు దిగుతుంది.

ఇంకొక్క మాట. జూన్, జూలైల్లో అక్కడ రాత్రుళ్లు గట్టి చలి. అర్ధరాత్రి దాకా కూర్చోవాలంటే మందపాటి దుప్పటి కావాలి. బెంచీ దగ్గరికి వెళ్లేటప్పుడే అది భుజాన వేసుకు వెళ్లండి. డేరాకి వెళ్లి తెచ్చుకుందామని లేచిన ఆ పది నిమిషాల్లోనే ఖడ్గమృగం వచ్చి, తాగి, వెళ్లిపోవచ్చు.