పాప్-అప్ బ్లాకర్ బంద్ చేయకుండ రసీదు ఎట్ల తెప్పియ్యాలె: క్రోమ్, ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ రివ్యూ

నమస్తే అందరికీ. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నా. పరీక్ష ఫీజుల టైం వచ్చిందంటే సుబేదారి, నయీంనగర్ నెట్ సెంటర్లల్ల ఒకటే మాట: "అన్నా, పైసలు కట్ అయినయి, రసీదు రాలే!" చాలాసార్లు రసీదు వచ్చే ఉంటది. కొత్త కిటికీల తెరుసుకోవాల్సిన దాన్ని బ్రౌజర్ ఆపేసి ఉంటది, అంతే. ఇట్లాంటి కొత్త కిటికీనే పాప్-అప్ అంటరు, దాన్ని ఆపేది పాప్-అప్ బ్లాకర్.

అప్పుడు సెంటరాయన ఏం చేస్తడు? సెట్టింగ్స్‌ల పోయి బ్లాకర్ మొత్తం తీసేస్తడు. రసీదు వస్తది. దాని ఎన్కనే రమ్మీ యాడ్లు, లోన్ యాడ్లు, "మీ కంప్యూటర్‌ల వైరస్ ఉన్నది" అనే బోగస్ కిటికీలు గూడ వస్తయి. అందుకే ఈ వీడియోల నేను మార్కులు వేసేది రెండింటికే. ఒకటి, ఆపినప్పుడు నాకు చెప్తుందా? రెండు, ఆపిన ఒక్కదాన్ని అక్కడికక్కడ తెరవనిస్తుందా?

ముందుగాల, రసీదుని ఎందుకు ఆపుతదో జర చూద్దాం. రసీదు ఏది, యాడ్ ఏది అనేది బ్రౌజర్‌కి తెల్వదు. అది చూసేది ఒక్కటే: ఈ కిటికీ మనిషి క్లిక్ చేస్తే తెరుసుకుందా, లేక సైట్ తనంతట తానే తెరిచిందా? క్లిక్ చేసినంక కొద్ది సెకన్ల వరకే ఆ అనుమతి ఉంటది. క్రోమ్‌ల అయితే సుమారు 5 సెకన్లు. ఇప్పుడు ఆలోచించున్రి. మీరు "ప్రింట్" నొక్కిన్రు. సైట్ సర్వర్‌ని అడిగింది. చివరి తేదీ రోజు రద్దీ, సర్వర్ పది సెకన్లకి జవాబిచ్చింది. అప్పుడు తెరుసుకునే కిటికీ బ్రౌజర్ కంటికి యాడ్ లెక్కనే కనపడ్తది. నిన్న మంచిగ వచ్చిన రసీదు ఇయ్యాల ఎందుకు రాలేదంటే, ఒక కారణం ఇదే.

యాడ్ కోసం పాప్-అప్ కిటికీని మొదలు రాసింది ఈథన్ జుకర్‌మన్ అనే ఆయన, 1990లల్ల ట్రైపాడ్ అనే సైట్‌ల పనిచేస్తున్నప్పుడు. 2014ల ఆయనే క్షమాపణ గూడ చెప్పిండు. సరే, మనం పనిల పడదాం.

క్రోమ్. పాప్-అప్ ఆపినప్పుడు అడ్రస్ బార్ కుడి చివరన చిన్న గుర్తు వస్తది. కిటికీ బొమ్మ మీద ఎర్ర ఇంటూ. ఇంత చిన్నగ పెడ్తే ఎవరికి కనపడ్తదో నాకైతే అర్థం కాదు. ఇక్కడ మార్కులు కట్. కానీ దాన్ని నొక్కినంక పని మస్తు మంచిగున్నది. ఆపిన కిటికీల లింకులు అక్కడే ఉంటయి, లింక్ నొక్కితే ఆ ఒక్కటే తెరుసుకుంటది. కిందనే "ఎప్పటికీ అలౌ" అనే ఆప్షన్ ఉంటది.

పైసలు కట్టే పేజీల మీద ఉన్నప్పుడు అలౌ కొట్టి పేజీ రీలోడ్ చేయకున్రి. ఫారం రెండోసారి పోవచ్చు, పైసలు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉన్నది. లింక్ నుంచే తెరవున్రి. అలౌ సంగతి మల్లొచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఇంకో తికమక. కాలేజీ సైట్‌ల నుంచి బ్యాంకు కిటికీ తెరుసుకోవాలె అనుకోండి. అలౌ లిస్ట్‌ల ఎవరి అడ్రస్ పెట్టాలె? శానమంది బ్యాంకు అడ్రస్ పెట్టి, "అయినా పనిచేస్తలేదు" అంటరు. అనుమతి అడిగేది కిటికీని తెరిచే సైట్. అంటే కాలేజీ అడ్రస్ పెట్టాలె. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్, అక్కడ అడ్రస్ జోడించే (Add) బటన్. పైన అన్ని సైట్లకి ఒప్పుకునే ఆప్షన్ గూడ ఉంటది, దాని జోలికి పోకున్రి.

ఫైర్‌ఫాక్స్. చెప్పే విషయంల దీనికే ఫుల్ మార్కులు. పేజీ పైననే అడ్డంగ ఒక పట్టీ వస్తది, ఈ సైట్ పాప్-అప్ తెరవబోతే ఆపినం అని. కళ్ళద్దాలు లేకున్నా కనపడ్తది. పక్కనున్న బటన్ నొక్కితే ఈ సైట్‌కి అలౌ చేయొచ్చు, లేదంటే ఆగిన దాన్ని ఒక్కసారికి చూడొచ్చు. అదే మెనూల "ఈ సందేశం మల్ల చూపకు" అని గూడ ఉంటది. చిరాకుల అది నొక్కకున్రి.

ఇగ యూబ్లాక్ ఆరిజిన్. ఇది యాడ్లు ఆపేటందుకు బ్రౌజర్‌కి అదనంగ తగిలించుకునే ఎక్స్‌టెన్షన్. యాడ్లు ఆపుట్ల నాకిష్టమైనది ఇదే, కానీ పాప్-అప్ విషయంల కొత్తోళ్ళని తికమక పెడ్తది. ఎందుకంటే ఇప్పుడు మీ కంప్యూటర్‌ల కాపలా ఇద్దరున్నరు: బ్రౌజర్ ఒకటి, ఎక్స్‌టెన్షన్ ఒకటి. బ్రౌజర్‌ల అలౌ చేసినా యూబ్లాక్ కిటికీని మూసేయొచ్చు. కిటికీ తెరుసుకున్నట్టే తెరుసుకుని టక్కున మాయమైతే పని ఎక్స్‌టెన్షన్‌దని అనుమానపడున్రి. అసలు తెరుసుకోకపోతే ముందు బ్రౌజర్‌ని చూడున్రి. యూబ్లాక్ గుర్తు నొక్కితే పెద్ద పవర్ బటన్ కనపడ్తది. అది నొక్కితే ఆ సైట్ మొత్తానికి ఆగుతది. కంట్రోల్ పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే. కింద అన్ని పాప్-అప్స్‌ని ఆపే చిన్న స్విచ్ గూడ ఉంటది, ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయి ఉంటే అదే అడ్డం.

పాత యూబ్లాక్ ఆరిజిన్ 2025ల క్రోమ్‌ల బంద్ అయింది. ఇప్పుడు క్రోమ్ వాడేటోళ్ళకి ఉన్నది లైట్ వెర్షన్. దాంట్ల సైట్‌కి సైట్‌కి ఫిల్టరింగ్ తగ్గించే జారుడు గీత ఉంటది, పూర్తిగ తగ్గిస్తే ఆ సైట్‌ని వదిలేస్తది. పూర్తి యూబ్లాక్ కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కి పోవాలె. నా ఓటు ఈ జోడీకే.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల స్టోర్‌ల పాప్-అప్ బ్లాకర్ అనే పేరుతోటి ఇంకా బోలెడు దొరుకుతయి. వేసుకునే ముందు అవి ఏమేం అనుమతులు అడుగుతున్నయో చదవున్రి. ఒక్క పాప్-అప్ కోసం మీరు చూసే ప్రతి పేజీని చదివే హక్కు ఊరూ పేరూ తెల్వనోళ్ళకి ఎందుకియ్యాలె?

ఫోన్‌ల క్రోమ్ అయితే పాప్-అప్ ఆగినట్టు స్క్రీన్ మీదనే చెప్తది, అక్కడే అలౌ చేయొచ్చు. కామెంట్లల్ల మస్తు మంది అడిగే ప్రశ్న: "అన్నా, ఫోన్ పైన ఇరవై నాలుగ్గంటలు యాడ్లొస్తున్నయి, బ్లాకర్ ఆన్‌లనే ఉన్నది." చాలాసార్లు అవి పాప్-అప్స్ కావు, నోటిఫికేషన్లు. ఎప్పుడో ఏదో సైట్ అడిగితే అలౌ కొట్టి ఉంటరు. సైట్ సెట్టింగ్స్‌ల నోటిఫికేషన్స్ తెరిచి, తెల్వని పేర్లన్నీ తీసేయున్రి. అట్లనే పేజీ లోపలనే తేలుకుంట వచ్చే "మా యాప్ వేసుకోండి" డబ్బాలు వేరే కిటికీలు కావు. బ్రౌజర్ బ్లాకర్ వాటిని ముట్టుకోదు, అది యూబ్లాక్ లాంటి వాటి పని.

నెట్ సెంటర్ కంప్యూటర్‌ల మీరు ఏదన్న సైట్ అలౌ చేసిన్రనుకోండి, పని అయినంక పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్ లిస్ట్‌ల దాని పక్కన మూడు చుక్కలు నొక్కి తీసేయున్రి. సెంటరాయన చేయనీయకపోతే ఈ వీడియో ఆయనకే చూపియ్యున్రి. ఉంటా మరి.