పై ఫ్లాట్ చప్పుడు వాళ్ళకి వినపడదు

[దృశ్యం: చీకటి గది, తిరుగుతున్న ఫ్యాన్. పైనుంచి 'గర్ర్‌ర్' అని ఏదో ఈడ్చిన చప్పుడు. ఆగి, మళ్ళీ అదే.]

విన్నారు కదా. రాత్రి పదకొండున్నరకి విశాఖపట్నం గాజువాకలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఫోన్‌తో నేను రికార్డు చేసిన చప్పుడు ఇది. రోజూ ఇరవై సార్లయినా వచ్చేది. అది సద్దుమణిగి కాస్త కన్ను అంటుకునేసరికి తెల్లవారుజామున నాలుగున్నరకి మిక్సీ మొదలు. మా నాన్నది షిఫ్ట్ డ్యూటీ. బీ షిఫ్ట్ దిగి పదకొండుకి ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని పడుకుంటే అప్పుడే పైన కుర్చీ లాగేవాళ్ళు. అమ్మకి బీపీ. రెండు వారాలు ఓర్చుకుని, ఒక రాత్రి అమ్మ చీపురు కర్ర తిప్పి సీలింగ్‌ని నాలుగు సార్లు కొట్టింది. మర్నాటి నుంచి మెట్ల మీద ఎదురైనా వాళ్ళు మమ్మల్ని పలకరించడం మానేశారు, చప్పుడు మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత ఏం చేశామో, అది ఎందుకు పనిచేసిందో చెప్తాను. మీ పై ఇంట్లోనో పక్క పోర్షన్‌లోనో ఇలాంటిదే ఉంటే మీకూ పనికొస్తుంది.

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. చెక్క బల్ల మీద చెవి ఆనించి, బల్ల ఆ చివర గోటితో మెల్లగా గీకండి. ఇప్పుడు తల ఎత్తి మళ్ళీ గీకండి.

[దృశ్యం: బల్ల, చెవి, గోరు. దగ్గరగా.]

చెవి ఆనించినప్పుడు పెద్దగా వినపడింది, ఎత్తితే దాదాపు ఏమీ లేదు. పై ఫ్లాట్‌కీ మీ ఫ్లాట్‌కీ మధ్య జరిగేది ఇదే. మాటలు, టీవీ, పాటలు గాల్లో ప్రయాణిస్తాయి, గోడ అడ్డం వస్తే చాలావరకు తగ్గిపోతాయి. కుర్చీ కాలు టైల్‌ని గీకితే మాత్రం ఆ కదలిక టైల్‌లోంచి సిమెంటులోకి, సిమెంటులోంచి శ్లాబ్‌లోకి దిగుతుంది, మన అపార్ట్‌మెంట్లలో ఆ శ్లాబ్ మందం మామూలుగా ఐదారు అంగుళాలు, మధ్యలో ఆపేది ఏమీ ఉండదు కాబట్టి మీ సీలింగ్ మొత్తం స్పీకర్ పలకలాగా మోగుతుంది. పైన కూర్చున్న మనిషికి అది 'కిర్' అని ఒక చిన్న చప్పుడు. కింద పడుకున్న మనిషికి నెత్తి మీద బీరువా లాగినట్టు. మిక్సీ కూడా అంతే, గోడకి ఆనుకున్న గ్రానైట్ గట్టు మీద తిరుగుతుంటే దాని వణుకు గోడ పట్టుకుని కిందికి వచ్చేస్తుంది.

అందుకే నేను ఇంత గట్టిగా చెప్తున్నాను: మీరు వింటున్న చప్పుడు వాళ్ళు ఎప్పుడూ వినలేదు. 'తెలిసి కూడా కావాలనే చేస్తున్నారు' అని మీరు రాత్రంతా లోపల ఉడికిపోతుంటారు, వాళ్ళేమో అసలు చప్పుడే చేయట్లేదనుకుని నిశ్చింతగా ఉంటారు. మేమూ కావాలనే చేస్తున్నారని తీర్మానించేసుకున్నాం. అది తప్పు.

సరే, ఏం చేయాలి? ఒక వారం పాటు కాగితం మీద రాసుకోండి. ఏ వేళకి, ఎంతసేపు, ఎలాంటి చప్పుడు. ఇది కేసు కోసం కాదు, మీ కోసమే. 'ఎప్పుడూ ఒకటే గోల' అనిపించిన మాకు, రాసి చూస్తే రెండే రెండు చప్పుళ్ళు తేలాయి. రాత్రి పదకొండు నుంచి పన్నెండున్నర దాకా కుర్చీ, పొద్దున నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా మిక్సీ. మిగతా రోజంతా ఏమీ లేదు. 'మీ ఇంట్లో గోల ఎక్కువ' అంటే ఎవరికైనా పౌరుషం వస్తుంది. 'రాత్రి పదకొండుకి కుర్చీ చప్పుడు' అంటే అది సర్దుకోగలిగిన విషయం.

వాళ్ళింటికి వెళ్ళడం చప్పుడు అవుతున్నప్పుడు కాదు. ఆ క్షణంలో మీ గొంతు మీ చేతుల్లో ఉండదు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర, ఐదు, టీ తాగే వేళ మంచిది. ఒక్కరే వెళ్ళండి, లేదా ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి వెళ్ళండి, నలుగురిని వెంటేసుకుని వెళ్తే అది పంచాయితీ అవుతుంది. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు, దయచేసి. ముప్పై ఇళ్ళ ముందు నిలదీస్తే తప్పు ఒప్పుకునేవాళ్ళు ఎవరూ ఉండరు, పైగా ఆ మెసేజ్ అక్కడే ఉండిపోతుంది, ఆరు నెలల తర్వాత ఇంకో గొడవలో ఎవరో ఒకరు పైకి తీస్తారు.

మా అమ్మ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇవే: 'అక్కా, మొన్న కర్రతో కొట్టింది నేనే, తప్పయింది. ఈయనకి షిఫ్ట్ డ్యూటీ కదా, నిద్ర చాలట్లేదు. రాత్రి పూట ఏదో ఈడ్చినట్టు వినపడుతోంది, ఏటో మీకు కూడా తెలీదేమో, ఒక్కసారి కిందకొచ్చి వింటారా?'

ఈ 'కిందకొచ్చి వింటారా' అన్నదే మాకు దారి చూపించింది. పై ఇంటావిడ వచ్చారు. మా పడకగదిలో మంచం మీద కూర్చున్నారు. పైన వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి కుర్చీలో కూర్చుని లెమ్మన్నారు. 'గర్ర్‌ర్' మంది. ఆవిడ తల ఎత్తి సీలింగ్ వంక చూసి, 'ఇది మా కుర్చీయేనా?' అన్నారు. మళ్ళీ లాగమన్నారు. మూడోసారి ఇంక లాగనివ్వలేదు.

పైకి వెళ్ళి చూస్తే ఇనుప కుర్చీ, కాళ్ళకి ఉండాల్సిన రబ్బరు బుష్‌లు నాలుగింట్లో మూడు ఊడిపోయి వట్టి ఇనుము టైల్‌ని గీకుతోంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, రాత్రి పూటే చదువుతాడు. హార్డ్‌వేర్ షాపులో బుష్‌లు కొనడానికి పెద్ద ఖర్చేమీ కాలేదు. కొనేముందు కుర్చీ కాలి మందం కొలుచుకుని వెళ్ళండి, వదులైతే వారంలో ఊడిపోతాయి. బుష్ దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి కాలికి తొడిగి దారంతో కట్టినా సరిపోతుంది.

మిక్సీ సంగతి అంత తేలిక కాదు. వాళ్ళకి కూర్మన్నపాలెం వైపు టిఫిన్ బండి ఉంది. ఆరుకల్లా బండి దగ్గర చట్నీ ఉండాలి, కొబ్బరి చట్నీ రాత్రే చేసి పెడితే పులిసిపోతుంది. అది వాళ్ళ పొట్టకూడు, ఆపమని అడిగే హక్కు మనకుందని నేను అనుకోను. మాట్లాడుకుంటే తేలింది ఏమిటంటే, ఆవిడ లేచీలేవగానే మిక్సీ వేసి తర్వాత తరుగుడు, పోపు చూసుకునేవారు. ఆ వరస తిరగేశారు, తరిగి అంతా సిద్ధం చేసుకుని ఐదుకి మిక్సీ. గట్టు మీంచి తీసి, నేల మీద గోనె సంచి నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టారు, గోడకి జానెడు దూరంగా. వణుకు సంచిలోనే చాలావరకు చచ్చిపోతుంది. మందపాటి రబ్బరు షీటు అయితే ఇంకా మంచిది.

[దృశ్యం: మడత పెట్టిన గోనె సంచి, దాని మీద మిక్సీ.]

పాటలు, హోమ్ థియేటర్ అయితే వేరే కథ. 'దుమ్ దుమ్' అనే బాస్ గోడల్ని దాటినట్టు గొంతు దాటదు. కాబట్టి 'సౌండ్ ఆపండి' అనే బదులు 'బాస్ తగ్గించండి, ఊఫర్‌ని మన రెండిళ్ళ మధ్య గోడకి దూరంగా జరపండి' అని అడగండి, వాళ్ళ సినిమా వాళ్ళకి ఉంటుంది. మన ఊళ్ళో ఉక్కపోతకి కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, రాత్రి పూట చప్పుడు వచ్చే ఆ ఒక్క వైపు కిటికీ మూసినా సగం గొడవ తగ్గుతుంది. ఇక పసిపిల్లల ఏడుపు గురించి ఎవరి ఇంటికీ వెళ్ళకండి. ఆ తల్లికి మీకంటే తక్కువ నిద్ర.

ఇప్పుడు చట్టం. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు. ఈ డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు, పది పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు పెరిగినట్టు. ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ అయినా సరే, ఇంటి హద్దు దగ్గర ఆ పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కి మించి ఎక్కువ ఉండకూడదు. రాత్రి పది దాటాక బయట మైకులు, డీజేలు కుదరవు, నివాస ప్రాంతంలో చప్పుడు చేసే టపాసులు, డ్రిల్లింగ్ లాంటి నిర్మాణ యంత్రాలు కూడా కుదరవు. పండగలకి ప్రభుత్వం పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది ఏడాది మొత్తానికి 15 రోజులు మించకూడదు. ఫోన్‌లో డెసిబెల్ యాప్ మీ అంచనాకి మాత్రమే, సాక్ష్యానికి కాదు.

జాగ్రత్తగా గమనిస్తే ఈ నియమాల్లో ఎక్కువగా మైకులు, టపాసులు, యంత్రాల గురించే ఉంది. కుర్చీ, మిక్సీ, పిల్లల పరుగులకి చట్టం చేసేది చాలా తక్కువ, అక్కడ మాటే దారి.

డీజే రాత్రి పది దాటినా, పండగ సడలింపు ఉంటే పన్నెండు దాటినా ఆగకపోతే 112కి ఫోన్ చేయండి. 'కేసు వద్దండీ, సౌండ్ తగ్గించమని చెప్పండి చాలు' అని అడగొచ్చు. తాగి ఉన్నవాళ్ళు, కొడతామని బెదిరించేవాళ్ళు ఉంటే తలుపు కొట్టకండి, మంచితనం చూపించాల్సిన చోటు అది కాదు, నేరుగా ఫోనే. నెలల తరబడి సాగే తగాదా అయితే ముందు అసోసియేషన్‌కి తేదీలు వేసి రాతపూర్వకంగా ఇవ్వండి, అక్కడా తేలకపోతే మన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కోర్టులో కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, రెండు వైపులా పిలిచి కూర్చోబెడతారు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ అంత బలం, కోర్టు ఫీజు ఉండదు. సలహా కావాలంటే 15100కి ఫోన్ చేయండి.

ఇంత ఓపిక ఎందుకని ఎవరైనా అడగొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్ళో ఉన్నవాళ్ళని అడగండి. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు లేవు, నీళ్ళు లేవు. మా అమ్మకి కింది నుంచి బిందెలు మోసిచ్చింది పక్క ఫ్లాట్ వాళ్ళే, అంతకు ముందు ఏడాదే పార్కింగ్ గురించి మాటామాటా అనుకున్నవాళ్ళు.

మిక్సీ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది, ఐదుకి, సన్నగా. నాన్నకి సీ షిఫ్ట్ పడిన వారం ఇబ్బంది తిరగబడుతుంది, ఆయన పగలు పడుకోవాలి, అప్పుడే పైన అబ్బాయి స్నేహితులొచ్చి హాల్లో కూర్చుంటారు. అందుకని ప్రతి ఆదివారం అమ్మ ఒక చీటీ మీద ఆ వారం షిఫ్ట్ రాసి పైకి పంపిస్తుంది, వాళ్ళు దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటారు. తిరుగు ప్రయాణంలో చట్నీ వస్తుంది.

[దృశ్యం: ఫ్రిజ్ తలుపు, చిన్న కాగితం. దాని మీద పెన్నుతో: 'ఈ వారం బీ.']