యూజ్ బై వేరు, బెస్ట్ బిఫోర్ వేరు

అందరికీ నమస్తే. యూకేకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రూమ్, బ్యాంక్ అకౌంట్, పార్ట్ టైమ్ జాబ్ గురించి మీకు ఎలాగూ అందరూ చెప్తారు, నేను మాత్రం సూపర్ మార్కెట్ ప్యాకెట్ మీద ఉండే రెండు మాటల గురించే మాట్లాడతా. ఒకటి యూజ్ బై, ఇంకోటి బెస్ట్ బిఫోర్. రెండూ డేట్లే కదా అని మనం ఒకే గాటన కట్టేస్తాం, దాంతో శుభ్రంగా ఉన్న కందిపప్పు పారేస్తాం, తినకూడని చికెన్ వండుకుంటాం.

యూజ్ బై అనేది సేఫ్టీ సంగతి. పచ్చి చికెన్, చేపలు, కడిగి కోసి అమ్మే సలాడ్, ఇలా త్వరగా పాడయ్యే వాటి మీద ఉంటుంది. ఆ డేట్ దాటాక అమ్మడం ఇక్కడ నేరం. వాసన బాగానే ఉంది కదక్కా అంటారు మీరు, కానీ మనల్ని ఆస్పత్రి పాలు చేసే బ్యాక్టీరియా చాలావరకు వాసనకి దొరకదు, లిస్టీరియా అయితే ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. కాబట్టి యూజ్ బై దగ్గర ముక్కుని నమ్మొద్దు, ప్లీజ్. ఈరోజే లాస్ట్ డేట్, వండే ఓపిక లేదు అనుకోండి, ఈ రాత్రికే ఫ్రీజర్‌లో పెట్టేయండి, అలా చేయొచ్చు. తర్వాత ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి 24 గంటల్లోపు వండేయాలి.

బెస్ట్ బిఫోర్ అలా కాదు, అది రుచి గురించి. బియ్యం, పప్పులు, బిస్కెట్లు, పాస్తా, టిన్నులు. డేట్ దాటితే బిస్కెట్ కరకరలాడకపోవచ్చు అంతే, షాపులు దాన్ని అమ్మడం కూడా తప్పు కాదు. 2022 జూలైలో ఎమ్ అండ్ ఎస్ అనే సూపర్ మార్కెట్ వాళ్లు 300కి పైగా పళ్లు, కూరగాయల మీద ఈ డేట్ తీసేశారు, అంతకుముందు జనవరిలో మారిసన్స్ అనే ఇంకో సూపర్ మార్కెట్ వాళ్లు తమ సొంత బ్రాండ్ పాలల్లో చాలావాటికి యూజ్ బై బదులు బెస్ట్ బిఫోర్ వేస్తాం, వాసన చూసి తాగండి అన్నారు. నాకైతే ఇది చాలా మంచి పని అనిపించింది, తిండి పారేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

సాయంత్రం ఎల్లో స్టిక్కర్ వేసి రేటు తగ్గిస్తారు చూడండి, అక్కడ ఎగబడేముందు స్టిక్కర్ పక్కన ఏ మాట ఉందో చదవండి. బ్రెడ్ అయితే నిశ్చింతగా తీసుకోండి, మాంసం అయితే అదే రోజు వండాలి, లేదా ఫ్రీజ్ చేయాలి.

ఇంకోటి, ఈ డేట్లన్నీ సీల్ తీయనంతవరకే. ఓపెన్ చేశాక 3 రోజుల్లో వాడండి అని వెనక చిన్న అక్షరాల్లో ఉంటే, ముందు నెల రోజుల డేట్ ఉన్నా ఆ 3 రోజులే లెక్క. అదీ ఫ్రిజ్ 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే. నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో ఫ్రిజ్ డోర్ ఎప్పుడూ తీసే ఉంటుంది కాబట్టి ఒక చిన్న థర్మామీటర్ కొని లోపల పెట్టుకోండి.