ఏనుగు తొండం ఊడిపోయింది! పేపర్ మాషే కిట్ మీద నా కోపం

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ పేపర్ మాషే కిట్, అదే కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసుకునేది, నేను కొనలేదు, కంపెనీ వాళ్లే ఫ్రీగా పంపారు. వాళ్ల పేరు మాత్రం నేను పలకను, ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. బాక్సులో ఏమున్నాయో, రేటెంతో మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. గుజ్జు పౌడర్, బెలూన్లు, బ్రష్‌లు, ఒక సూచనల కాగితం.

నా గొడవంతా ఆ కాగితంతోనే. 24 గంటల్లో ఆరిపోతుందట. ఎక్కడ ఆరుతుందండీ? మాది కాకినాడ, వానాకాలంలో ఇక్కడ తువ్వాలే ఆరదు. నేను ఏనుగు తల మొదలుపెట్టి, తొండం మొత్తం గుజ్జుతోనే నా మణికట్టంత లావున పెట్టేశా. నాలుగో రోజుకి పైన గట్టిగా ఉంది, గోటితో కొడితే టకటకమంటోంది, ఇంకేముంది ఆరిపోయిందని సంబరపడి రంగు కూడా వేసేశా. వారం తిరిగేసరికి షెల్ఫ్ దగ్గర పులిసిపోయిన దోసెల పిండి వాసన. వెతికితే తొండం! పట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చింది, లోపలంతా తడి, ఆకుపచ్చ బూజు. రంగు వేసి లోపలి తడికి దారి మూసేసింది నేనే, ఒప్పుకుంటా. కానీ మొదటిసారి చేసేవాళ్లకి ఆ ముక్క చెప్పాల్సింది ఎవరండీ?

రెండోసారి కిట్ పక్కన పడేశా. తీగ వంచి, దానికి పాత పేపర్లు నలిపి చుట్టి, టేప్ వేస్తే తొండం ఆకారం వచ్చేసింది. కప్పు మైదాని ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్లలో పోసి, జారుగా ఉడికించా, మొత్తం ఐదు కప్పుల నీళ్లు పట్టాయి. పేపర్‌ని కత్తెరతో కత్తిరించకండి, చేత్తో చింపండి, చింపిన అంచు పలచగా ఉంటుంది కాబట్టి కింద పొరలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు మాత్రం రంగు వేశాక కూడా గీతలా కనిపిస్తూనే ఉంటుంది. ఇంకోటి, ఇది నాకు భలే నచ్చిన చిట్కా: ఒక పొర తెలుగు పేపర్, దాని మీద ఇంగ్లీష్ పేపర్. ఎక్కడైనా తెలుగు అక్షరం కనిపించిందా, అక్కడ రెండో పొర పడలేదన్నమాట. రెండు పొరలు వేయడం, పూర్తిగా ఆరనివ్వడం, మళ్లీ రెండు.

అసలు మా నాయనమ్మకి ఈ కిట్ చూపిస్తే నవ్వేది. పాత కాగితాలు రోజుల తరబడి నానబెట్టి, నానిన మెంతులు వేసి రోట్లో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి బుట్టలు చేసేది. ఒకటి ఇప్పటికీ అటక మీద ఉంది, ఒక్క పురుగు పట్టలేదు. ఎండాకాలంలో తప్ప ఆవిడ ఆ పని ముట్టుకునేది కాదు, చిన్నప్పుడు అది చాదస్తం అనుకున్నా. మన తెలంగాణలో చేర్యాల వాళ్ల మాస్కులు చూశారా? అందులో కాగితం ఉండదు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, చిన్నవైతే కొబ్బరి చిప్ప మీద పెడతారు. అంటే ముద్ద అంతా లావుగా ఉండదు, లోపల చిప్ప ఉంటుంది. నా తొండంలో లోపల ఏముంది? ముద్దే! కశ్మీర్‌లో, శ్రీనగర్ పేపర్ మాషే వాళ్లయితే వస్తువు చేసే పనిని సఖ్త్‌సాజీ అంటారు, రంగులు వేసేది నకాషీ, అదీ ఇదీ వేర్వేరు చేతుల పని. నేనేమో రెండూ ఒకే ఆదివారంలో కానిచ్చేద్దామనుకున్నా.

సరే, కిట్ సంగతి. గుజ్జు పౌడర్ నిజానికి చెడ్డదేం కాదు, కనుబొమ్మలు, ముడతలు లాంటి పలచటి పనికి సన్నగా, నున్నగా వస్తుంది, పోయినేడు నేను కొన్న ఎయిర్ డ్రై క్లే, అంటే గాలికే ఆరే మట్టి, దాని కంటే తక్కువ పగుళ్లు వచ్చాయి. బ్రష్‌లు మాత్రం వెంట్రుకలు రాలుస్తున్నాయి, ఇదిగో చూడండి, ఏనుగుకి మీసాలొచ్చాయి. నా డబ్బులతో అయితే కొనను, మీరూ కొనకండి, ఎవరైనా గిఫ్ట్‌గా ఇస్తే ఆ సూచనల కాగితాన్ని కూడా చింపి ఒక పొరకి వాడుకోండి.

పూర్తయిన ఏనుగుని చూపించమంటారా? ఫ్యాన్ కింద ఉంది. ఎనిమిదో పొర ఇంకా చల్లగా తగులుతోంది, అంటే తడి ఇంకా ఉన్నట్టే, రంగు వచ్చే వారం.